అమెరికా ప్రయాణం: ఎక్కడ విమానం మారితే మేలు?

శంషాబాద్ నుంచి అమెరికాకు నేరుగా వెళ్లే విమానం లేదు. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్-చికాగో మధ్య వారానికో నాన్‌స్టాప్ సర్వీసు మొదలుపెట్టినప్పుడు మనవాళ్లంతా సంబరపడ్డారు. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు, సర్వీసు ఆగిపోయింది. దాంతో డాలస్‌లో ఉన్నా, ఎడిసన్‌లో ఉన్నా, ఫ్రీమాంట్‌లో ఉన్నా ఊరికి వెళ్లాలంటే మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి విమానం మారక తప్పదు. ఎక్కడ మారాలన్నది చాలా ఇళ్లలో రెండు అంకెలే తేలుస్తాయి. ఒకటి టికెట్ ధర, రెండోది మొత్తం ప్రయాణానికి పట్టే గంటలు.

2024, 2025 సంవత్సరాల అనుభవం చూశాక ఈ రెండూ చాలవని తేలింది. కనెక్షన్ తప్పితే, లేదా ఆ విమానాశ్రయమే మూతపడితే, మనవాళ్ల పరిస్థితి ఏమిటన్న మూడో ప్రశ్న కూడా వేసుకోవాలి. ముఖ్యంగా టికెట్ మనకు కాక అమ్మానాన్నలకు, అత్తమామలకు కొంటున్నప్పుడు.

ఏ దారీ భద్రం కాదు

2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో రికార్డు స్థాయి వర్షం పడింది. రన్‌వేలు, ట్యాక్సీవేలు నీట మునిగాయి. ఎమిరేట్స్ కొంతసేపు చెక్-ఇన్‌లు ఆపేసింది. వేలమంది టెర్మినళ్లలో నేలమీదే పడుకున్నారు. పరిస్థితి కుదుటపడటానికి రోజులు పట్టింది.

2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారతీయ విమానయాన సంస్థలకు మూసేసింది. బాలాకోట్ దాడుల తర్వాత 2019లోనూ నెలల తరబడి ఇలాగే జరిగింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు చుట్టూ తిరగాల్సి రావడంతో, కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఇంధనం కోసం దిగాయి. నాన్‌స్టాప్ అనుకుని కొన్న టికెట్లు వన్‌స్టాప్ అయ్యాయి. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే ఎయిరిండియా నిలిపేసింది. విమానాల కొరత, గగనతలం మూసివేత కారణాలని చెప్పింది.

2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదైద్ సైనిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. ఖతార్‌తోపాటు చుట్టుపక్కల గల్ఫ్ దేశాలు కొన్ని గంటలు గగనతలాన్ని మూసేశాయి. దోహాకు రావాల్సిన పదుల కొద్దీ విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. మూసింది కొన్ని గంటలే అయినా, కనెక్షన్లు తెగిపోయినవారి అవస్థ మరుసటి రోజుకూ తీరలేదు.

2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో వేల విమానాలు రద్దు చేసింది. పైలట్ల విశ్రాంతి వేళలపై వచ్చిన కొత్త నిబంధనలకు తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడమే కారణం. అమెరికా నుంచి ఢిల్లీకో ముంబయికో సవ్యంగా చేరి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, విజయవాడకు విడిగా ఇండిగో టికెట్ కొనుక్కునే మనలాంటి వారికి అది పెద్ద హెచ్చరిక.

ఒకచోట వాన, ఒకచోట యుద్ధం, ఒకచోట సరిహద్దు గొడవ, ఇంకోచోట సిబ్బంది కొరత. కాబట్టి ఏ విమానాశ్రయం భద్రం అని వెతకడంలో అర్థం లేదు. ఇబ్బంది వచ్చినప్పుడు ఎక్కడి నుంచి త్వరగా బయటపడగలం, అంతవరకు మనల్ని చూసుకునే బాధ్యత ఎవరిది అన్నదే చూడాలి. ఆ లెక్కన ఒక్కో దారినీ పరిశీలిద్దాం.

గల్ఫ్: బలం విమానాల సంఖ్యలో

డాలస్, హ్యూస్టన్, చికాగో, వాషింగ్టన్, బోస్టన్, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్ వంటి నగరాల వారికి గల్ఫ్ దారి అలవాటైపోవడానికి కారణం ఉంది. ఇంటి దగ్గర ఎక్కితే ఒక్కచోటే మారాలి. పెద్ద ప్రయాణం ఒకటి, చిన్నది ఒకటి. డాలస్ నుంచి దుబాయ్‌కి దాదాపు 15 గంటలు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు మూడున్నర గంటలు. దుబాయ్ నుంచి శంషాబాద్‌కు రోజుకు ఒకటికి మించి విమానాలున్నాయి. ఒకటి తప్పినా అదే రోజు ఇంకోటి దొరికే అవకాశం ఉంది. ఈ సౌకర్యం విలువ అన్నీ సవ్యంగా జరిగినప్పుడు తెలియదు.

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. భారత్-దుబాయ్ మధ్య విమానయాన ఒప్పందం ప్రకారం ఒక్కో వైపు సంస్థలకు వారానికి సుమారు 66 వేల సీట్లే అనుమతి. దశాబ్దంగా ఈ పరిమితి పెరగలేదు. పెంచమని ఎమిరేట్స్ అడుగుతూనే ఉంది. పెంచితే మన సంస్థలు సుదూర ప్రయాణాల్లో ఎదగలేవన్నది భారత్ వాదన. మనకు అర్థం కావాల్సింది ఏమిటంటే, వేసవి సెలవుల్లో, డిసెంబర్‌లో, సంక్రాంతి ముందు హైదరాబాద్ విమానాలు నిండుగా ఉంటాయి. విమానాలు ఎక్కువున్నా ఖాళీ సీట్లు తక్కువ. కనెక్షన్ తప్పితే తర్వాతి విమానంలో చోటు దొరుకుతుందన్న భరోసా సెలవుల్లో కాస్త తగ్గుతుంది.

అబుదాబి దారికి ఒక ప్రత్యేకత ఉంది. 2014 జనవరి నుంచి అక్కడ అమెరికా ప్రీక్లియరెన్స్ కేంద్రం పనిచేస్తోంది. ఎతిహాద్‌లో అమెరికా వచ్చేవారికి అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది. చికాగోలో దిగాక దేశీయ విమానంలో వచ్చినట్టే సామాను తీసుకుని బయటికి రావచ్చు. 14 గంటలు కూర్చుని వచ్చిన పెద్దవాళ్లు మళ్లీ గంటల తరబడి క్యూలో నిలబడే అవసరం తప్పుతుంది. ఇందులో రెండో కోణం కూడా ఉంది. ఆ క్యూ మాయం కాలేదు, అబుదాబికి మారిందంతే. అందుకే అక్కడ గంటన్నర కనెక్షన్ ఉన్న టికెట్ కొనకూడదు. మూడు గంటలైనా ఉండాలి. అధికారి అదనపు ప్రశ్నలు వేసి ఆలస్యమైతే విమానం వెళ్లిపోతుంది. ప్రవేశం నిరాకరిస్తే మీరున్నది అమెరికాలో కాదు, మూడో దేశంలో.

గల్ఫ్ దారిలో వెళ్లేవారు మరవకూడని మాట ఇంకొకటుంది. గసగసాలు. మన వంటింట్లో మసాలా దినుసు, యూఏఈ చట్టంలో నిషేధిత వస్తువు. సింగపూర్‌లోనూ అంతే. విమానం మారడానికి దిగినవారికి కూడా ఆ దేశ చట్టం వర్తిస్తుంది. అమ్మ ప్రేమగా కట్టిన పొట్లాల్లో అది ఉందేమో ఒకసారి అడగండి. కొడీన్, ట్రమడాల్ ఉన్న నొప్పి మందులు, దగ్గు మందుల విషయంలోనూ యూఏఈ కఠినంగా ఉంటుంది. డాక్టర్ చీటీ వెంట ఉంచుకోవాలి. ముందస్తు అనుమతి కావాల్సిన మందులైతే బయలుదేరక ముందే తీసుకోవాలి.

ఐరోపా: చట్టం అండ ఉంది, విమానాలు తక్కువ

సెయింట్ లూయిస్, రాలీ, ఆస్టిన్, డెట్రాయిట్, మినియాపొలిస్ వంటి నగరాల తెలుగువారికి గల్ఫ్ దారి అంత సులువు కాదు. ముందు చికాగోకో డాలస్‌కో వెళ్లాలి, అంటే రెండుసార్లు మారాలి. వీరికి ఐరోపా నయం. సెయింట్ లూయిస్, రాలీల నుంచి లుఫ్తాన్సా నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తుంది. 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్-హైదరాబాద్ సర్వీసు మళ్లీ నడుస్తోంది. ఆస్టిన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో లండన్ మీదుగా రావచ్చు. డెట్రాయిట్, మినియాపొలిస్‌ల నుంచి డెల్టా ఆమ్‌స్టర్‌డామ్ చేరుస్తుంది. అక్కడి నుంచి 2025 సెప్టెంబర్‌లో కేఎల్ఎం హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టింది. ఈ కొత్త దారుల సంగతి చాలామందికి ఇంకా తెలియదు.

ఐరోపా దారిలో ప్రయాణం దాదాపు సగానికి తెగుతుంది. ఎనిమిది, తొమ్మిది గంటల విమానాలు రెండు. మోకాళ్ల నొప్పులున్నవారికి, కాళ్లు వాచేవారికి ఒకేసారి 15 గంటలు కూర్చోవడం కన్నా ఇది మేలు.

రెండో ప్రయోజనం చట్టం. ఐరోపా సమాఖ్య విమానాశ్రయం నుంచి బయలుదేరే ఏ సంస్థ విమానమైనా, బయటి నుంచి ఐరోపాకు వచ్చే ఐరోపా సంస్థల విమానాలైనా ఈసీ 261 నిబంధన కిందికి వస్తాయి. సంస్థ తప్పువల్ల గమ్యానికి మూడు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి 600 యూరోల వరకు పరిహారం అడగవచ్చు. తుపాను, యుద్ధం వంటి కారణాలైతే పరిహారం రాదు, కానీ భోజనం, హోటల్ ఏర్పాటు మాత్రం సంస్థ చేయాల్సిందే. బ్రిటన్‌లోనూ ఇలాంటి చట్టమే ఉంది. టికెట్ మీద ఎవరి నంబరు ఉందన్నది కాదు, విమానం నడిపేది ఎవరన్నది ఇక్కడ ముఖ్యం. గల్ఫ్‌లో ఈ స్థాయి చట్టం లేదు. అక్కడ చాలావరకు సంస్థ మర్యాద మీద ఆధారపడాలి.

లోపాలూ ఉన్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్‌ల నుంచి హైదరాబాద్ విమానాలు వారంలో కొన్ని రోజులే. ఒకటి తప్పితే మర్నాడు కాదు, ఎల్లుండి కావచ్చు. లేదా ఢిల్లీ, ముంబయి మీదుగా మళ్లిస్తారు. లండన్ హీత్రూలో టెర్మినల్ మారాల్సి వస్తుందేమో చూసుకోవాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో టెర్మినల్ 3లో దిగి, బ్రిటిష్ ఎయిర్‌వేస్ కోసం టెర్మినల్ 5కి వెళ్లాలంటే బస్సు, మళ్లీ సెక్యూరిటీ తనిఖీ. 

అన్నింటికన్నా పెద్ద చిక్కు ట్రాన్సిట్ వీసా. గడువున్న అమెరికా వీసా స్టాంపు గాని గ్రీన్‌కార్డు గాని ఉన్న భారతీయులకు విమానాశ్రయం దాటకుండా మారేందుకు సాధారణంగా అడ్డు ఉండదు. బీ-2 మీద వచ్చే తల్లిదండ్రులకు ఇబ్బంది తక్కువ. స్టాంపు గడువు తీరి, ఐ-797 ఆమోదపత్రంతో ఇక్కడ ఉద్యోగం చేస్తూ, కొత్త స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్తున్న హెచ్-1బీ ఉద్యోగికే చిక్కు. ఐ-797 వీసా కాదు. ఏ దేశం ఎలా చూస్తుందన్నది వేరువేరు, నిబంధనలూ తరచు మారుతుంటాయి. ఆ దేశ కాన్సులేట్ సైట్ చూడకుండా టికెట్ కొనకండి. చెక్-ఇన్ కౌంటర్లో ఆపేస్తే డబ్బు, స్టాంపింగ్ అపాయింట్‌మెంట్ రెండూ పోతాయి. గల్ఫ్ విమానాశ్రయాల్లో బయటికి రాకుండా మారేవారికి ఈ బెడద లేదు.

ఢిల్లీ: చేరితే చాలు, కానీ...

ఢిల్లీ దారికి ఒక పెద్ద బలం ఉంది. అక్కడ దిగితే మన దేశంలో దిగినట్టే. హైదరాబాద్‌కు రోజంతా విమానాలుంటాయి. ఒకటి పోతే గంటల్లో ఇంకోటి. ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లు కూడా హిందీలో నెట్టుకురాగలరు, ఇంటికి ఫోన్ చేయగలరు. అక్కడ ఇమిగ్రేషన్ పూర్తిచేసుకోవాలి, చాలా సందర్భాల్లో సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. నాలుగు గంటల వ్యవధి ఉంటే ఇదేమీ కష్టం కాదు.

కష్టం డిసెంబర్, జనవరిల్లో వచ్చే పొగమంచు. మనవాళ్లు ఎక్కువగా ఊరికెళ్లేది కూడా ఆ రోజుల్లోనే. ఇక పాకిస్థాన్ గగనతల నిషేధం భారతీయ సంస్థలకే వర్తిస్తుంది. నూయార్క్ నుంచి ఢిల్లీ వెళ్లే యునైటెడ్, అమెరికన్ విమానాలకు ఆ అడ్డు లేదు. ఢిల్లీ దారి అంటే ఎయిరిండియా ఒక్కటే కాదన్నది గుర్తుంచుకోవాలి. ఒకవేళ అమెరికన్ సంస్థను ఎంచుకుంటే, ఢిల్లీ-హైదరాబాద్ ముక్క కూడా అదే టికెట్‌లో ఉందో లేదో చూసుకోండి.

పడమటి తీరం వారికి తూర్పు దారి

శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్‌ఏంజెలెస్, సియాటిల్ వారికి సింగపూర్ దారి ఒకటుంది. సమయం ఎక్కువ పడుతుంది, ధర కూడా తరచు ఎక్కువే. కానీ గల్ఫ్ ఉద్రిక్తతలు, పాకిస్థాన్ మూసివేత ఈ దారిని తాకవు. అంతకన్నా ముఖ్యం, విశాఖపట్నానికి సింగపూర్ నుంచి స్కూట్ విమానం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వారు శంషాబాద్‌లో దిగి రాత్రంతా రైల్లో వెళ్లే బదులు నేరుగా విశాఖలో దిగొచ్చు. హాంకాంగ్ నుంచి కేథే పసిఫిక్ కూడా 2025 మార్చి చివర్లో హైదరాబాద్‌కు తిరిగి వచ్చింది, అయితే అది వారంలో కొన్ని రోజులే.

ఎవరు వెళ్తున్నారన్నదే ముఖ్యం

ఒకే దారి అందరికీ సరిపోదు. చిన్న పిల్లలతో వెళ్లే తల్లికి మూడున్నర గంటల చివరి విమానం వరం. మొదటిసారి వస్తున్న తల్లిదండ్రులకు అన్నింటికన్నా ముఖ్యం ఒక్కసారే మారడం. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ చేసుకుని, సామాను తీసుకుని, మళ్లీ ఇవ్వాలన్న నియమాన్ని చాలామంది పట్టించుకోరు. నూయార్క్‌లో దిగి రాలీకి మారే టికెట్ చూడటానికి చౌక. కానీ రెండు పెద్ద పెట్టెలతో, భాష సరిగా రాని 68 ఏళ్ల మనిషి ఆ పని ఒంటరిగా చేయాలి. రెండువందల డాలర్లు మిగిల్చి మనం వారి మీద పెడుతున్న భారం అది.

హెచ్-1బీ మీద ఉన్నవారికి లెక్క వేరు. 2025 సెప్టెంబర్ 19న హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటన వెలువడింది. 21వ తేదీ తెల్లవారుజాము 12:01 నుంచి అమలన్నారు. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుబాయ్ విమానం ఎక్కి కూర్చున్న కొందరు భయపడి దిగిపోయారు. ఊళ్లో ఉన్నవారు ఏ దారి దొరికితే ఆ దారిన పరుగులు తీశారు. మర్నాడు వైట్‌హౌస్, ఇది కొత్త పిటిషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవారికి కాదని వివరణ ఇచ్చింది. అప్పటికే టికెట్ల ధరలు ఆకాశాన్నంటాయి. ఈ రోజుల్లో వీసా మీద ప్రయాణించేవారు తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనడం విలాసం కాదు.

టికెట్ కొనేముందు

మొదటిది, మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండాలి. విడివిడిగా రెండు టికెట్లు కొంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఎవరికీ బాధ్యత లేదు. ఒకే టికెట్ అయితే గమ్యం చేర్చాల్సింది వాళ్లే.

రెండోది, మారే ఊరి నుంచి మీ గమ్యానికి రోజుకు, వారానికి ఎన్ని విమానాలున్నాయో చూడండి. మీరు ఎక్కబోయేది ఆ రోజుకు చివరిదా? అయితే కనెక్షన్ సమయం పెంచండి.

మూడోది, వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడగండి. అది మారే చోట కూడా నమోదైందో లేదో ప్రయాణానికి ముందు ఫోన్ చేసి తెలుసుకోండి.

నాలుగోది, అమ్మానాన్నల చేతిలో ఒక కాగితం ఉంచండి. అందులో విమానాల నంబర్లు, మారే ఊరి పేరు, మీ ఫోన్ నంబరు, వారి మందుల పేర్లు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం పనిచేస్తుంది. రెండురోజులకు సరిపడా మందులు చేతిసంచిలోనే ఉండాలి.

ఐదోది, మీ హక్కు తెలుసుకోండి. 2024 అక్టోబర్ చివర్లో అమల్లోకి వచ్చిన అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం, అమెరికాకు వచ్చే, ఇక్కడి నుంచి వెళ్లే అంతర్జాతీయ విమానం రద్దయినా, ఆరు గంటలకు మించి మారినా, మీరు ప్రయాణం వద్దనుకుంటే డబ్బు తిరిగి ఇవ్వాల్సిందే. వోచర్ తీసుకోమని బలవంతం చేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

ఇవన్నీ మన వంతు జాగ్రత్తలు. ప్రభుత్వాల వంతు కూడా ఒకటుంది. 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రిగా ఉన్న కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. అమెరికాలో తెలుగువారి సంఖ్య, హైదరాబాద్ నుంచి రాకపోకల రద్దీ ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గల్ఫ్ సంస్థలకు సీట్లు పెంచకపోవడం దేశ విధానం కావచ్చు. అలాంటప్పుడు ఆ లోటు తీర్చే నేరు విమానం మన సంస్థల నుంచి రావాలి. రెండూ లేకపోతే పండగ రోజుల్లో ఆ భారం మోసేది ప్రయాణికుడే. మన సంఘాల మహాసభలకు మంత్రులు వచ్చినప్పుడు శాలువాతోపాటు ఈ వినతిపత్రం కూడా వారి చేతికి అందాలి.